ఏ గీతకూ ఎక్కని ఎనుము

పేపర్లో ధరల గీత పైకి పోయిందని ఒకరు, పంటల గీత కిందికి దిగిందని ఇంకొకరు వాదించుకుంటుంటే మీకేం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం ఒక ఎనుము గుర్తొస్తుంది. మా వైపు గేదెను ఎనుము అంటాం. నేను చదివింది మూడో తరగతి. గీతలు ఎందుకు ఎక్కుతాయో, ఎందుకు దిగుతాయో చెప్పే చదువు నాకు లేదు. కానీ ఒక గీతను కిందికి దించడానికి తాలూకా మొత్తం నడుం కట్టిన రోజులు చూశాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి పిల్లలు ఇది చదివితే నవ్వుకుంటారు. నవ్వుకోండి. మేమూ నవ్వుకున్నాం, కాకపోతే చాలా ఆలస్యంగా.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు. నేను ఆళ్లగడ్డలో పశువుల ఆసుపత్రి అటెండరును. రెండు గదులు, ఒక వసారా, వెనక బావి, ముందు ఎద్దును కదలకుండా నిలబెట్టే కొయ్య చట్రం. అదే ఆసుపత్రి. కొమ్ములు పట్టుకోవడం, పేడ ఎత్తడం, నెలాఖరుకు లెక్కల కాగితాలు నంద్యాలలోని పై ఆఫీసుకు బస్సులో మోసుకుపోవడం నా పని.

మా డాక్టరు సారు అహోబిలంలో అర్చకుల ఇంటి బిడ్డ. తండ్రి గుళ్లో హారతి పడితే, కొడుకు పశువైద్యం చదివి వచ్చాడు. నుదుటి మీద నామం లేకుండా ఆయన్ను చూసిన ఎద్దు లేదు. చొక్కా విప్పి, జంధ్యం చెవికి చుట్టి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, అడ్డం తిరిగిన దూడను తిప్పి బయటికి లాగేవాడు. ఆ వెంటనే బావి దగ్గర స్నానం. తర్వాత మళ్లీ నామం. ఈతల కాలంలో నీళ్లు తోడి తోడి నా అరచేతులు కాయలు కాచేవి.

"సామీ, కొండ మీద నరసింహస్వామికి కూడా ఇన్ని అభిషేకాలు జరగవు" అని కాంపౌండరు ఎగతాళి చేసేవాడు.

"ఆ స్వామి దూడలు తియ్యడు గదప్పా" అనేవాడు సారు.

అంత మంచి చెయ్యి ఉన్నా మా ఆసుపత్రిలో పశువులు బాగానే చచ్చేవి. ఎందుకో ఊళ్లో అందరికీ తెలుసు. మా వైపు ఎద్దుకు జబ్బు చేస్తే మొదట పసరు పోస్తారు. తగ్గకపోతే వాతలు పెడతారు. దానికీ లొంగకపోతే మెడకు తాయెత్తు. ఆ తర్వాత స్వామికి మొక్కు. మొక్కు కూడా పలకలేదని తేలిన తర్వాత బండి మీద వేసుకుని మా దగ్గరికి తెస్తారు. అప్పటికి ఎద్దు కళ్లు తేలేసి ఉంటుంది.

"ముందే తోలుకరండప్పా, మీకు దండం పెడతా, ముందే తోలుకరండి" అని సారు ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తుకునేవాడు.

"ఈ తూరి ముందే తెస్తాం సామీ" అని తలలూపి పోయేవాళ్లు. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

అట్లాంటి రోజుల్లో నంద్యాలకు కొత్త పెద్దసారు వచ్చాడు. కోస్తా మనిషి. మర్యాదస్తుడు, గొంతు పెంచేవాడు కాదు, ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగేవాడు కాదు. ఆయనకున్న వ్యసనం ఒకటే, గళ్ల కాగితం. తన కింద ఉన్న ప్రతి ఆసుపత్రికీ ఒక గీతల పటం గీయించాడు. దాంట్లో నీలి గీత ఎన్ని పశువులు వచ్చాయో చెబుతుంది. ఎర్ర గీత వచ్చిన నూటిలో ఎన్ని చచ్చాయో చెబుతుంది. మా పటాన్ని నేనే చాప చుట్టినట్టు చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి వసారాలో మేకులు కొట్టాను.

చూడ్డానికి వచ్చిన రైతులు నోళ్లు తెరిచారు.

"ఏందప్పా ఇది, నల్లమల గట్లను బొమ్మ గీసినారా?" అని ఒకాయన ఎర్ర గీతను చూసి అడిగాడు. "కింద ఈ నీలిది కుందూ ఏరు మాదిరి పారతాంది."

"ఆ ఏరు మేం చూసిన ఎద్దులు. ఆ గట్టు మా చేతుల్లో పోయిన ఎద్దులు" అని కాంపౌండరు వివరంగా చెప్పాడు. ఆయన నోటికి దయ తక్కువ.

కొన్నాళ్లకు పెద్దసారు జీపులో వచ్చాడు. ఆ పూట చట్రంలో ఒక ఎద్దు నిలబడి ఉంది. దాని వైపు చూడకుండా నేరుగా పటం దగ్గరికి పోయి, చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత బాధగా మా సారు వైపు తల తిప్పాడు.

"మీ ఎర్ర గీత అన్ని తాలూకాల కంటే ఎత్తుగా ఉందండీ."

"సార్, చావుబతుకుల్లో ఉన్నవాటినే మా దగ్గరికి తెస్తాండారు. పసరు, వాతలు అన్నీ అయినాకనే..."

"అవన్నీ కాగితం మీద లేవు కదండీ. ఆసుపత్రికి వచ్చాయి, చచ్చాయి. కాగితం మీద ఉన్నది అదే. మనుషులు చెప్పకపోవచ్చు, గీత అబద్ధం చెప్పదు." కళ్లజోడు తుడుచుకున్నాడు. "మూడు నెలలు చూస్తాను. దిగకపోతే మిమ్మల్ని పశువులు తక్కువగా ఉన్న చోటికి వేయించాలి. మీ మీద కోపంతో కాదు, పశువుల మేలు కోసం."

జీపు వీధి మలుపు తిరగకముందే కబురు ఊరంతా తెలిసింది.

ఊరి చివర ఒక అవ్వ ఉండేది. ఆమెకున్నది ఒకే ఎనుము. దాని పాలే ఆమె కూడు, గుడ్డ. కిందటేడు దానికి దూడ అడ్డం తిరిగితే మా సారే తీశాడు. ఆ అవ్వ వచ్చి వసారాలో పటానికి ఎదురుగా కూర్చుని, దాన్ని పక్కింటి కోడలిని చూసినట్టు చూసింది.

"ఈ కాగితం మా సామిని పంపిచ్చేస్తాదంట. ఆయప్ప పోతే నా ఎనుము గతి ఏంది? దీన్ని చించేస్తే?"

"నంద్యాలలో ఇంకోటుంది అవ్వా" అన్నాను.

"దాన్నీ చించండి."

అదే పూట పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తరతరాల సేద్యం, కొట్టం నిండా ఎద్దులు. మాట్లాడితే తూకం వేసినట్టు మాట్లాడతాడు. ఆయన చేతికర్రతో ఎర్ర గీతను తాకి అడిగాడు.

"ఇది ఎందుకు పైకి పోతాంది సామీ?"

"వచ్చిన నూటిలో చచ్చేవి ఎక్కువైతే పోతాది పెద్దాయనా."

"చచ్చేటివి ఎట్లైనా చస్తాయి. వచ్చేటివి ఎక్కువైతే?"

"అప్పుడు దిగుతాది. జబ్బు లేకుండా పశువులు యాడ్నుంచి వస్తాయి?"

"అది మాకిడిసిపెట్టు."

సారుకు అర్థమైంది, లేచి నిలబడ్డాడు. "వద్దు పెద్దాయనా. బాగుండే పశువును ఆసుపత్రికి తోలుకరావడం దొంగ పని."

"దొంగ పనేంది సామీ? ముందే తోలుకరండి, ముందే తోలుకరండి అని యాడాది పొడుగునా గొంతు చించుకున్యావు. ముందే తెస్తాం. జబ్బు రాకముందే తెస్తాం."

సారు మళ్లీ కూర్చున్నాడు.

మా వైపు కాలవ నీళ్లు పల్లెలకు వంతుల మీద వస్తాయి. ఈ రోజు ఈ పల్లె, రేపు ఆ పల్లె. ఎవరూ వంతు తప్పరు. పెద్దాయన అదే వరుసలో ఆసుపత్రికీ వంతులు వేశాడు. మరుసటి సోమవారం పొద్దున్నే నేను తలుపు తీసేసరికి వీధి కనపడలేదు. అన్నీ కొమ్ములే. కొన్నిటికి కొమ్ములకు రంగు వేశారు. కొన్నిటికి మెడలో గంటలు. ఆసుపత్రికి పోతూ బోసిగా పోతే ఊరి పరువు పోతుందని ఆడవాళ్లు పూలదండలు కూడా వేశారు. పొద్దుగూకేదాకా అదే వరస. మర్నాడు ఇంకో పల్లె.

వచ్చిన పశువును చూడకుండా పంపే అలవాటు సారుకు లేదు. ఒక్కొక్క దాని నాలుక చూశాడు, పళ్లు చూశాడు, పొట్ట మీద చెవి పెట్టి విన్నాడు. వాటిలో నిజంగానే కొన్నిటికి పురుగుల మందు పోశాడు. బలిసిన ఎద్దులు పళ్లు చూపించడానికి ఇష్టపడక మమ్మల్ని వసారా చుట్టూ తరిమాయి. కాంపౌండరుకు ఒకటి తొక్కి వేలు వాచింది.

"మనూళ్లో రోగమున్న పశువులే మంచివప్పా. కదలకుండా పండుకుంటాయి" అన్నాడు కాలు పట్టుకుని.

నెలాఖరు లెక్క కట్టి చూస్తే ఎర్ర గీత దిగింది. గట్టు మీది నుంచి జారి నేల మీదికి వచ్చి పడింది. ఊళ్లో పండగ చేసుకున్నారు. అయితే ఇంకో గీత కూడా ఉందని మేం అందరం మరచిపోయాం.

ఆ నెల లెక్కలు ఇచ్చి, కొత్త పటం తెచ్చుకోవడానికి నంద్యాల పోయాను. పటాలు గీసే గుమాస్తా స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. మా నీలి గీత కాగితం దాటిపోయింది. పైన ఇంకో కాగితం అతికించాడు. అదీ దాటింది. మూడోది అతికించేసరికి గోడ అయిపోయి, గీత పైకప్పు దూలాన్ని తాకింది.

"మీ ఊళ్లో ఏం పుట్టిందన్నా?" అన్నాడు స్టూలు మీది నుంచే, కొంచెం ఎడంగా జరిగి.

"ఏమీ పుట్టలేదు" అన్నాను.

పెద్దసారు దూలం వైపు చూస్తున్నాడు. ఆయన మొహం పాలిపోయింది. "ఇన్ని పశువులు ఆసుపత్రికి పరుగెత్తాయంటే ఇది మామూలు రోగం కాదు. పెద్ద అంటురోగం" అన్నాడు.

"సార్, అవి బాగుండాయి..."

"నువ్వు వాటిని ముట్టుకున్నావా? ముందు పోయి చేతులు కడుక్కో."

రెండో రోజుకు నంద్యాలకు పోయే శిరివెళ్ల దారిలో అడ్డంగా తాడు కట్టారు. ఆళ్లగడ్డ పశువు అటు పోకూడదు. సున్నం బస్తాలు, సూదిమందుల పెట్టెలు జీపులో వేసుకుని పెద్దసారు మూతికి గుడ్డ కట్టుకుని దిగాడు. ఆ రోజు మా ఊరి వంతు. వాకిలంతా దండలు వేసుకున్న పశువులు నెమరు వేస్తున్నాయి. ఆయన నోటుపుస్తకం తీసి మొదటి రైతును అడిగాడు.

"దీనికి ఏం జబ్బు?"

రైతు పెద్దాయన వైపు చూశాడు. ఏ జబ్బూ లేదంటే ఆసుపత్రికి ఎందుకొచ్చావంటారు, సారు కొంప మునుగుతుంది. అంత దూరం ఎవరూ ఆలోచించి పెట్టుకోలేదు.

"ఆకలి సార్. ఎంత ఏసినా తింటాంది."

పెద్దసారు రాసుకున్నాడు. "నీ దానికి?"

"పండుకుంటే కండ్లు మూసుకుంటాంది సార్."

"నీది?"

"తోక ఊపుతాంది సార్. ఊరికినే."

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పట్నుంచీ."

చివరికి అవ్వ దగ్గరికి వచ్చాడు. అవ్వ ఎనుము మెడ నిమురుతూ, "దీనికి మనసు బాగలేదు నాయనా" అంది. ఆయన దాన్ని కూడా రాసుకున్నాడు. నేను కాంపౌండరు మొహం చూడలేదు. చూసుంటే అక్కడే నా ఉద్యోగం పోయేది.

మా సారు ఇంక ఆగలేకపోయాడు. ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "సార్, నిజం చెప్తాను. వీటిలో ఏ ఒక్కదానికీ రోగం లేదు."

పెద్దసారు ఎర్ర గీత వైపు చూశాడు. నేల మీద పడుకుని ఉంది. నీలి గీత వైపు చూశాడు. మా వసారాకు పైకప్పు తక్కువ గనుక దాన్ని సగానికి మడిచి కొట్టాను. మళ్లీ పశువుల వైపు చూశాడు. మెల్లగా మూతి గుడ్డ విప్పాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇన్ని వందల పశువులకు ఇంత వింత రోగం వచ్చింది. ఒక్కటీ చావలేదు. ఇప్పుడు ఒక్కదానికీ రోగం లేదంటున్నారు. ఇదంతా మీరు ఒక్కరే చేశారా?"

"నేనేమీ చెయ్యలేదు సార్."

"ఎంత వినయమండీ" అన్నాడు పెద్దసారు, రైతుల వైపు తిరిగి. "ఈయనేనా వీటిని కాపాడింది?"

రైతులకు ఇంతకంటే ఏం కావాలి? సారును మెచ్చుకుంటున్నారు, అంటే సారు ఉంటాడు. "ఔ సార్, ఆయప్పే" అని వాకిలంతా ఒక్క గొంతుతో పలికింది. పెద్దాయన అయితే చేతికర్ర పైకెత్తి, "మా సామి చెయ్యి పడితే చచ్చిన ఎద్దు లేచి మేత అడుగుతాది" అన్నాడు.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ఇట్లాంటి మనిషిని ఒక్క తాలూకాలో ఉంచడం నష్టమట. నంద్యాలలో పెద్దసారు పక్క గదిలో కుర్చీ వేశారు. అన్ని తాలూకాల గీతలూ చూసి, ఎక్కడ ఏ గీత ఎందుకు ఎక్కుతోందో చెప్పడం ఆయన కొత్త పని.

బస్సు దగ్గర ఊరంతా నిలబడింది. సారు పెట్టె నేనే పైకెత్తాను. పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

"గీత దిగితే మనిషి ఉంటాడనుకుంటిమి. గీత దిగితే మనిషి ఎక్కుతాడని ఎవురికి తెల్సు" అన్నాడు.

ఇంక వంతులు ఎవరి కోసం? పశువులు రావడం ఆగిపోయింది. జబ్బు పడినవాటికి పసరు పోశారు, వాతలు పెట్టారు, మొక్కుకున్నారు, ఆసుపత్రి మెట్టు మాత్రం ఎక్కలేదు. ఎక్కినా డాక్టరు లేడు. నీలి గీత నేల మీద పడింది. ఎవరూ రానిచోట చచ్చేవెన్ని ఉంటాయి, ఎర్ర గీత కూడా దాని పక్కనే పడుకుంది. ఆ పటాన్ని నంద్యాలలో అందరికీ చూపించారు. రోగమే లేని తాలూకాకు కొత్త డాక్టరు ఎందుకని పెద్దసారు ఎవరినీ వేయలేదు.

నెల లెక్కలు ఇవ్వడానికి పోయినప్పుడు మా సారును చూశాను. పొడి చొక్కా, చెరగని నామం, చేతిలో రంగు పెన్సిలు. రోజుకు ఒక్కటే స్నానమట. మా పటం ముందు పెట్టుకుని అడిగాడు.

"ఈ నెల పశువులు యాడ చచ్చినాయి?"

"ఇండ్లల్లో సార్."

"ఇండ్లకు గళ్ల కాగితం లేదు గదా" అన్నాడు. పటం మడిచి పక్కన పెట్టాడు.

ఇట్లా ఉండగా అవ్వ ఎనుముకు పొదుగు వాచింది. ఈసారి నిజం జబ్బు. పొదుగు రాయిలా అయిపోయి, ముట్టుకుంటే తన్నేది. పాలు పోతే అవ్వకు పొయ్యి వెలగదు. ఆమె పసరు పోయలేదు, వాత పెట్టలేదు, తాయెత్తు కట్టలేదు. నంద్యాలకు పత్తి తోలే బండి వెనక ఎనుమును కట్టి, పక్కన తాను నడిచింది. దారిలో తాడు ఎప్పుడో తీసేశారు. మధ్యలో ఒక ఊళ్లో ఆగి, మర్నాటికి నంద్యాల చేరి, సరాసరి పై ఆఫీసు వాకిట్లోకి తోలింది. కట్టడానికి గుంజ కనపడక పెద్దసారు జీపుకు కట్టేసింది. ఆ రోజు నేను లెక్కలతో అక్కడే ఉన్నాను.

"సామీ, యాడుండావ్?" అని కేకేసింది.

మా సారు కిటికీలోంచి చూశాడు. పెన్సిలు అక్కడే పడింది. చొక్కా విప్పుతూనే మెట్లు దిగాడు. "నీళ్లు" అన్నాడు. నేను బావి ఎక్కడుందో వెతుక్కుంటూ పరుగెత్తాను.

సారు పొదుగులో చీము తీస్తుంటే పెద్దసారు బయటికి వచ్చాడు. జీపును చూశాడు, ఎనుమును చూశాడు.

"ఇది ఎక్కడిదండీ?"

"ఆళ్లగడ్డది సార్" అన్నాడు మా సారు తలెత్తకుండా.

"ఆళ్లగడ్డలో జబ్బులు లేవు కదా. గీత స్పష్టంగా ఉంది."

"నీ గీతకు పొదుగు లేదు నాయనా, దీనికుంది" అంది అవ్వ.

పెద్దసారు దాన్ని తప్పుగా తీసుకోలేదు. ఆయన వేరే చిక్కులో ఉన్నాడు. "పశువు ఆ తాలూకాది, వైద్యం ఇక్కడ. ఇది ఆసుపత్రి కూడా కాదు. దీన్ని ఏ గీతలో వేస్తాం?"

"దేంట్లోనూ వెయ్యకు. గోడకు ఎనుమును తగిలిస్తారా ఏంది? బాగైతే ఇంటికి తోలుకపోతా" అంది అవ్వ.

సూదిమందు పడింది. నాలుగు పూటలు ఎనుము జీపు పక్కనే ఉంది. పెద్దసారు ఆఫీసుకు నడిచి వచ్చాడు. ఐదో పూట పొదుగు మెత్తబడి పాలు దిగాయి.

అవ్వ ఊరికి తిరిగొచ్చి నోరు మూసుకుని ఉంటే ఈ కథ అక్కడితో ఆగేది. ఆమె మూసుకోలేదు. నంద్యాలకు పోయే ప్రతి పత్తి బండి వెనకా ఒక పశువు నడవడం మొదలైంది. ఈసారి అన్నీ నిజం జబ్బులే. పెద్దాయన మళ్లీ వంతులు వేశాడు. ఆఫీసు వాకిలి నిండిపోయింది. మెట్ల మీద పేడ, కిటికీల్లో కొమ్ములు. ఒక కోడె లోపలికి తల పెట్టి గుమాస్తా ఎండబెట్టుకున్న పటం ఒకటి నమిలేసింది. ఏ తాలూకా పటమో తెలుసుకునేలోపు మింగేసింది కూడా.

పెద్దసారు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని ఉత్తర్వు రాయించాడు. మా సారును ఆళ్లగడ్డకు తిరిగి పంపుతున్నారు. కారణం దగ్గర గీతల మాట లేదు, పశువుల మాట లేదు. ఆఫీసు ఆవరణ శుభ్రత కోసం అని ఉంది. ఆ ముక్క కాంపౌండరు నాకు మూడుసార్లు చదివి వినిపించాడు.

మీకు బుద్ధి చెప్పేంతటి వాణ్ణి కాను. గీతను చూడండి, గీత మంచిదే. కానీ ఆ పశువును ఎవరు తోలుకొచ్చారు, ఎప్పుడు తోలుకొచ్చారు, తోలుకురానిది ఎక్కడుంది అని ఒక్కసారి వీధిలోకి వచ్చి అడగండి.

సారు బస్సు దిగిన రోజు ఊరంతా వచ్చింది. దండాలు, ముచ్చట్లు అయ్యాయి. "ఇప్పుడన్నా ముందే తోలుకరండప్పా" అన్నాడు సారు. "ముందే తెస్తాం సామీ" అన్నారు అందరూ.

మరుసటి పొద్దున ఒక బండి వచ్చి ఆగింది. బండిలో ఎద్దు. కళ్లు తేలేసింది. డొక్క మీద వాతలు, మెడలో తాయెత్తు, మూతికి పసరు మరకలు.

"ఏం చేసినారు దీనికి?" అన్నాడు సారు.

"అన్నీ చేసినాం సామీ" అన్నాడు రైతు.

సారు వసారాలో ఎర్ర గీత వైపు ఒకసారి చూసి, చొక్కా విప్పాడు. నేను చేద తీసుకుని బావి దగ్గరికి పోయాను.